బొజ్జన్న పెట్టిన పూలు

కర్నూలు,
ఆగస్టు 9, 2024.

కన్యకత్తకు పద్మ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. వాట్సాప్‌లో పెడితే మీ అబ్బాయి బంగారం అంగట్లో కొనేవాళ్ళందరి ముందర గట్టిగా చదివి వినిపిస్తాడు. అందుకే ఉత్తరం. నా చేతిరాత చూసి తిట్టుకోకు, బొమ్మలు వేసే చెయ్యి అక్షరాల దగ్గర మొండికేస్తుంది.

అత్తా, నాకు నిధి దొరికింది. పాత ఊరిలో బొజ్జన్న స్టూడియో గుర్తుందా? బొజ్జన్న పోయాక కొడుకు దాన్ని జిరాక్సు అంగడి చేశాడు. ఇప్పుడు అదీ మూసేస్తున్నాడు. అటక మీది అట్టపెట్టెలు దించి రోడ్డు మీద పెట్టి, పాత కాగితాలవాణ్ణి పిలిచాడు. వాడు తూకం వేయబోతుంటే నేను స్కూటీ ఆపాను. పెట్టెల నిండా ఫొటోలు! జనం వచ్చి దిగి, మళ్ళీ వచ్చి తీసుకుపోని ఫొటోలు. బొజ్జన్న ఒక్కటి కూడా పారేయలేదట. "ఎప్పుడో ఒగనాడు వచ్చి అడగతారు రా, పెట్టు అనేటోడు మా నాయన" అన్నాడు కొడుకు. బతిమాలితే పెట్టెలన్నీ నాకే ఇచ్చేశాడు.

ఇంటికి తెచ్చి నేల మీద పరిచి చూస్తే తమాషా! మనుషులు మారుతున్నారు గానీ కోటు మారడం లేదు. ఒకటే నల్ల కోటు. పెళ్ళికొడుకు మీదా అదే, పరీక్ష పాసైన కుర్రాడి మీదా అదే, భుజాలు జారిపోయిన ముసలాయన మీదా అదే. ఎవరొచ్చినా బొజ్జన్న దాన్ని తొడిగి కూర్చోబెట్టేవాడన్నమాట. కొందరు ఆడవాళ్ళు కూడా చీర మీద ఆ కోటుతో దిగారు, సరదాకో ఏమో.

నేనేం చేయబోతున్నానో విను. ఆ కోటు కూడా అడిగి తెచ్చుకున్నాను. ఒక్కో ఫొటో చూసి, అదే కోటు వేసుకుని, ఆ మనిషి కూర్చున్నట్టే కూర్చుని, నన్ను నేను ఫొటో తీసుకుంటాను. పాత ఫొటో, పక్కన నా ఫొటో, కింద ఆ మనిషి మనసులో మాటగా నేను రాసింది. మూడూ కలిపి ఒక బొమ్మ. అక్టోబరులో కర్నూల్లోనే ప్రదర్శన, హాలు వాళ్ళు ఒప్పుకున్నారు. నా పేరు మీద జరిగే మొదటి ప్రదర్శన అత్తా! కడపలో నాతో బొమ్మలు చదివినవాళ్ళెవరికీ ఇంకా ఈ అవకాశం రాలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటావేమో. అవును, చెప్పుకుంటున్నాను.

నాన్న మాత్రం "ఊర్లోవాళ్ళ ఫొటోలు తెచ్చి ఇంట్లో పరిస్తివి, మల్ల వాళ్ళేసుకున్న కోటు నువ్వేసుకుంటివి. దీనికి కాలేజీకి పోయి సదవాల్నా?" అంటున్నాడు. నువ్వైనా ఒక మంచిమాట రాయి.

నీ మేనకోడలు,
పద్మ

ప్రొద్దుటూరు,
ఆగస్టు 17.

చిరంజీవి పద్మప్రియకు మీ అత్త దీవెనలు.

మావాడు నీ సంగతులు అంగట్లో చదువుతాడని కదా ఉత్తరం రాశావు. ఆ ఉత్తరాన్ని నేనే అంగటికి తీసుకుపోయి, గాజులు చూసుకుంటున్న ఆడవాళ్ళకు చదివి వినిపించాను. "మా మేనకోడలు, సొంతంగా ప్రదర్శన పెడుతోంది" అంటే ఒకామె "ఏం పెడతాందమ్మా, చీరలా?" అంది. "కాదు, మనుషుల్ని" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నాకూ సగమే అర్థమైంది. అయినా ఆ రోజంతా కాళ్ళు నేల మీద నిలవలేదు, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా, అదీ విశేషం.

మీ నాయన మాట పట్టించుకోకు. వాడు పుట్టినప్పటి నుంచీ అంతే. ఎవరు కొత్త పని మొదలుపెట్టినా ముందు ఎగతాళి చేస్తాడు, అది కాస్తా బాగా జరిగితే తనే దగ్గరుండి చేయించినట్టు ఊరంతా చెప్పుకుంటాడు. నువ్వు నీ పని చేసుకో. మన ఇంట్లో నలుగురి ముందుకొచ్చి పని చేసిన మొదటి ఆడపిల్లవు నువ్వేనని మాత్రం అనుకోకు. ఆ కథ ఇంకోసారి.

ఆ పెట్టెల్లో ఏ కాలం ఫొటోలున్నాయి? వెనక పేర్లు రాసి ఉన్నాయా? ఊరికే అడుగుతున్నాను. బొజ్జన్న మంచివాడే గానీ చెయ్యి ఊరుకునేది కాదు. సన్న కుంచె ఒకటి చెవి వెనక పెట్టుకుని తిరిగేవాడు. నల్లనివాణ్ణి తెల్లగా చేసేవాడు, బక్కవాడికి బుగ్గలు పెట్టేవాడు. మనిషి ఉన్నది ఉన్నట్టుగా ఆయన చేతిలోంచి బయటికి వచ్చేది కాదు.

కోటు వేసుకునేటప్పుడు చూసుకో. ఎడమ జేబు లోపల చిరిగి ఉంటుంది, వేలు ఇరుక్కుంటుంది.

మీ అత్త,
కన్యక

కర్నూలు,
సెప్టెంబరు 4.

అత్తా,

ఎడమ జేబు నిజంగానే చిరిగి ఉంది! నీకెట్లా తెలుసు? ఊరంతా తొడుక్కున్న కోటు కదా, మన ఇంట్లోనూ తొడుక్కునే ఉంటారులే. మన శెనక్కాయల మండీలో నాన్న కూర్చునే గద్దె వెనక గోడకు తాత ఫొటో ఉంది చూడు, మూట పక్కన కూర్చున్నది, అందులోనూ ఇదే కోటు. ఇన్నాళ్ళూ అది తాత సొంతం అనుకున్నాను. నాన్నతో అంటే "మా నాయనకు బాడిగ కోటు యాల?" అని అలిగాడు.

ఫొటోల వెనక పేర్లు లేవు. చాలావరకు డెబ్బైలలోవి.

పని చకచకా సాగుతోంది. డాబా మీద గదిలో దుప్పటి కట్టి, కెమెరా స్టాండు మీద పెట్టి, బటన్ నొక్కి, పరిగెత్తుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంటాను. పాత ఫొటోలో మనిషి ఎటు చూస్తే నేనూ అటే. చెయ్యి ఎక్కడ పెడితే అక్కడే. అట్లా గంటసేపు కూర్చుంటే వాళ్ళు నాలోకి వచ్చేస్తారు. నిజం, నవ్వకు.

నాలుగు బొమ్మల జిరాక్సులు పంపుతున్నాను. అన్నిటికంటే పైన పెట్టినదే ప్రదర్శనకు ప్రాణం. పిలుపు కార్డు మీద వేయించింది కూడా దాన్నే, కార్డు కూడా జత చేశాను. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి ఆ అమ్మాయికి. చీర మీద కోటు, తలలో నిండుగా మల్లెదండ. తల ఎత్తుకునే కూర్చుంది గానీ, లోపల్లోపల వంచుకునే ఉంటుందని నాకు తోచింది. అందుకే పక్కన నా ఫొటోలో మాత్రం నేను తల దించుకున్నాను. ఆమె దాచుకున్నది నేను చూపించాలి కదా. కింద ఇట్లా రాశాను:

"ఈ కోటు నాది కాదు. ఈ పూలు నావి కావు. ఎవరో వచ్చి చూసి నచ్చిందో లేదో చెబుతారట, అందుకని కూర్చోబెట్టారు. రెప్ప వేస్తే నీళ్ళు రాలతాయని కళ్ళు తెరుచుకునే ఉన్నాను."

ఇది రాసి నాలుగుసార్లు పైకి చదువుకున్నాను. హాలు నడిపేవాళ్ళు చదివి మెచ్చుకున్నారు. నువ్వు చదివి ఎట్లా ఉందో రాయి. బాగుంటే గాజుల బేరం వాళ్ళకూ చూపించు.

పద్మ

ప్రొద్దుటూరు,
సెప్టెంబరు 11.

పద్మా,

ఆ పైన పెట్టిన బొమ్మ తీసెయ్. కార్డు మింద గూడా వద్దు. తక్కినవి నీ ఇష్టం.

ఆ పిల్ల ఏడిసిందని నీకెవురు చెప్పినారు? పక్కన కూసోని చూసినావా? ముక్కూ మొగమూ తెలీని మనిసికి కండ్లల్లో నీళ్ళు పెట్టేకి నీకేం హక్కుండాది? శానా తెలివైనదానివని సంబరపడితి. నా సంబరం ఏట్లో కలిసిపాయ.

నాకు కోపమొస్తే పుస్తకాల తెలుగు రాదు, మన కర్నూలు మాటే వస్తాది. తీసెయ్. అంతే.

కన్యకమ్మ

కర్నూలు,
సెప్టెంబరు 16.

కన్యకమ్మ గారికి,

మీ అత్త అని కూడా లేదు, ఉత్త కన్యకమ్మ అని సంతకం చేశావు. సరే, నేనూ అట్లాగే మొదలుపెడతాను.

బొమ్మ తీయను. కారణం చెప్పకుండా తీసెయ్ అంటే నాన్నకూ నీకూ తేడా ఏముంది? ఆయన మొత్తం వద్దంటాడు, నువ్వు ముఖ్యమైనది వద్దంటావు. కార్డులు అచ్చయి వచ్చేశాయి. ఆ అమ్మాయి ఎవరో నీకు తెలుసా? తెలిస్తే పేరు చెప్పు, ఆమె ఇంటికి పోయి కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను. తెలియకపోతే నన్ను తిట్టే పని పెట్టుకోకు.

హక్కు ఎక్కడిదన్నావు. ఎవరూ వచ్చి తీసుకుపోని ఫొటో అది. నేను ఆ దారిన రాకపోయుంటే పాత కాగితాల తూకంలో పోయేది. తెచ్చి దుమ్ము దులిపి గోడకెక్కిస్తున్నాను. ఆమె బాధ నలుగురికీ చెబుతున్నాను. ఇందులో తప్పేముందో నాకు తెలియడం లేదు.

గాజులు కొనేవాళ్ళకు నా ఉత్తరం చదివి వినిపించినదానివి నువ్వే. ఇట్లా రాసిందీ నువ్వే. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కెమెరా ముట్టలేదు. ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు, చెబితే నాన్నకు పండగ. జవాబు రాయి. కారణంతో సహా రాయి.

పద్మప్రియ

ప్రొద్దుటూరు,
సెప్టెంబరు 23.

పద్మా,

కారణం అడిగావు, న్యాయమే. పేరు కూడా అడిగావు. ఆ పిల్ల పేరు కన్యక. రామలింగయ్య మండీ కన్యక. నేనే.

గుర్తుపట్టలేదని నిన్ను ఏమీ అనను. నీకు ఊహ తెలిసేసరికే నాకు తెల్లజుట్టు, కండ్లద్దాలు, ఈ లావు. మన ఇంట్లో నా ఫొటోలు పెండ్లి నుంచే మొదలు, అందులోనూ బాసికం కింద మొహం ఎవరిదైనా ఒకటే.

ఎమర్జెన్సీ పోయిన ఏడాది సంగతి ఇది. మా నాయన రామలింగయ్య, అంటే మీ తాత, శెనక్కాయల మూటల మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడే కొత్త పంట మండీకి వస్తోంది. మీ నాయన లాగు వేసుకుని గోలీలాడే వయసు. ఈ ఏడు మండీ మూసేద్దామని అమ్మ అంది. నాయన మంచం మీద నుంచి నన్ను చూసి "ఏమే, కూసుంటావా?" అన్నాడు. "కూసుంటా" అన్నాను. మరుసటి రోజు గద్దె మీద కూర్చున్నాను.

అప్పట్లో మండీలో ధర ఎట్లా తేల్చేవాళ్ళో నీకు తెలియదు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఒక తువ్వాలు కింద పెట్టుకుని, వేళ్ళు పట్టి ఒత్తి ధర చెప్పుకునేవాళ్ళు, పక్కవాడికి తెలియకుండా. మరి ఆడపిల్ల పరాయి మగవాడి చెయ్యి తువ్వాలు కింద పట్టుకుంటుందా? మొదటి రోజు వరసలోని శెట్లందరూ ఆ తమాషా చూద్దామనే కాచుకుని ఉన్నారు. ఓర్వకల్లు నుంచి ఓబుళేశు అనే రైతు బండి తోలుకొచ్చాడు. అలవాటు కొద్దీ తువ్వాలు చాచి, నన్ను చూసి ఆగిపోయాడు. నేను కాయలు గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపాను. బాగా ఎండినవి గలగలమంటాయి, తేమ ఉన్నవి పలకవు. అప్పుడు నా చెవులు అట్లాంటివి. ఊపి, తువ్వాలు పక్కకు నెట్టి, ధర పైకే చెప్పాను. మండీ ఆ చివరికి వినపడేట్టు అరిచి చెప్పాను. ఓబుళేశు మొదట నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు. "ఇదేదో బాగుండాదమ్మా, మా సరుకు ధర మా చెవుల్తో ఇంటిమి" అన్నాడు. వారం తిరిగేసరికి ఓర్వకల్లు బండ్లన్నీ మన అంగటి ముందరే. ఇంకొన్నాళ్ళకు ఎదురంగడి శెట్టికి కూడా పైకి అరవక తప్పలేదు.

దీపావళి వచ్చింది. గద్దె మీద కూర్చుని ఒక పంట కొనుగోలు నడిపినవాళ్ళ ఫొటో దీపావళి పూజకు గోడ ఎక్కాలి, అది మన ఇంటి ఆనవాయితీ. అమ్మ ఆ మాట మరిచిపోయినట్టే ఉండిపోయింది. నాయన మరవలేదు. కర్ర పట్టుకుని కుంటుకుంటూ అంగటికి వచ్చి, తన ఫొటో పక్కన తన చేత్తోనే మేకు కొట్టాడు. "పో, బొజ్జన్న తాన తీపించుకోని రా. గద్దె మింద మనిసి ఫొటో కావాల, పెండ్లిచూపుల ఫొటో గాదు" అని పంపించాడు.

బొజ్జన్న కోటు తొడిగాడు. "తల రవ్వంత వంచమ్మా, పెండ్లి గావాల్సిన పిల్లవి" అన్నాడు. వంచలేదు. "పూలన్నా పెట్టుకోని రాకపోతివే" అన్నాడు. పూలంటే నాకేం కోపం లేదు, అంతకు ముందూ ఆ తర్వాతా రోజూ పెట్టుకున్నదాన్నే. మండీలో కూర్చున్నన్నాళ్ళు మాత్రం పెట్టుకోలేదు. పెట్టుకుంటే వచ్చినవాడు కాయలు చూడడు. అట్లాగే తీయమన్నాను. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు ఎంత సంతోషమో, ఎంత పొగరో చెప్పలేను పద్మా. పెండ్లి పీటల మీద కూడా అంత లేదు, మీ మామ వినకుండా చెబుతున్నాను.

ఫొటో తెచ్చుకుందామని పోతే నా తల మీద మల్లెదండ! తెల్లరంగు పెట్టి కుంచెతో గీసేశాడు. "బోడిగా ఉంటే బాగల్యాదమ్మా, నీ మంచికే పెట్టినా" అన్నాడు. మళ్ళీ తీయమంటే పండగ పనులున్నాయి, తర్వాత రా అన్నాడు. ఫొటో ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేశాను. నాయన కొట్టిన మేకుకు ఆ పూల బొమ్మను ఎందుకు తగిలించాలి? మరుసటి ఏడు నాకు ప్రొద్దుటూరు సంబంధం కుదిరింది. తర్వాత మీ నాయన పెద్దవాడై గద్దె ఎక్కాడు, వాడి ఫొటో గోడ ఎక్కింది. పెండ్లయ్యాక నేను ఆ అంగడి గడప తొక్కలేదు, నా మేకు ఎప్పుడో పీకేసి ఉంటారు.

బొజ్జన్న నా తలలో పూలు గీశాడు. నువ్వు నా కండ్లల్లో నీళ్ళు గీశావు. ఇద్దరూ నా మంచికే చేశారు. ఆయన మీద ఎంత కోపం ఉందో నీ మీదా అంతే ఉంది, అంతకు మించి లేదు.

నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క నిజం. ఆ పూలు నావి కావు.

మీ అత్త,
కన్యక

కర్నూలు,
సెప్టెంబరు 28.

అత్తా,

నీ ఉత్తరం చదివి మొదట సిగ్గుతో అన్నం తినలేదు. తర్వాత గర్వంతో తినలేదు. అమ్మ నాకు జ్వరమనుకుంది.

ఆ రోజే నేను రాసినవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చూస్తే ఆడవాళ్ళ ఫొటోలన్నిటి కిందా ఏడుపే. ఒకామె పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతుంటే, ఆ నవ్వు వెనక ఏదో దుఃఖం ఉందని రాశాను! పాపం, ఏ ఒక్క ఆడమనిషినీ ఊరికే సంతోషంగా ఉండనివ్వలేదు. మగవాళ్ళకు మాత్రం ఉద్యోగం వచ్చింది, పొలం కొన్నాం అని రాసిపెట్టాను. ఇంత చదువుకుని నేను చేసింది ఇది. అన్నీ పీకేశాను. ప్రతి ఫొటో కింద తెల్లకాగితం అతికించి, దారానికి పెన్సిలు కట్టి వేలాడదీస్తున్నాను. ఆ మనుషులు తెలిసినవాళ్ళు వస్తే వాళ్ళే రాస్తారు. రాకపోతే కాగితం తెల్లగానే ఉంటుంది. పిలుపు కార్డుల మీద నా రాతను ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో కొట్టేస్తున్నాను, వేళ్ళు నల్లగా అయిపోయాయి.

ఇంకో మాట. ఆ మేకు పీకలేదు అత్తా. తాత ఫొటోకూ నాన్న ఫొటోకూ మధ్య ఇప్పటికీ ఉంది, నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నాన్న దానికి నూనె మిల్లువాళ్ళిచ్చే క్యాలెండరు తగిలిస్తాడు. రెండు ఫొటోల మధ్య అంత ఎడం ఎందుకుందో ఒక్కరం కూడా అడగలేదు. నాన్నకు ఈ సంగతులేవీ చెప్పలేదు. నువ్వు ఒప్పుకుంటే చెబుతాను.

అసలు ఫొటో ఇదిగో, రెండు అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. అది నీది. పూలు పైపైన వేసిన రంగే. అంచున ఒక పువ్వును తడి దూదితో ముట్టుకుని చూశాను, వచ్చేస్తోంది. మిగతావి తుడవలేదు. అది నా పని కాదు. హాల్లో ఆ చోటు ఖాళీగా వదిలేస్తాను.

తల వంచుకుని,
నీ పద్మ

ప్రొద్దుటూరు,
అక్టోబరు 7.

పద్మా,

తల వంచుకుని అని రాశావు. ముందు అది మానుకో, దాని సంగతి కింద రాస్తాను.

ఫొటో చేరింది. గిన్నెలో నీళ్ళు, దూది పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. "అత్తా, పాత ఫొటో, చెడిపోతాదేమో" అని కోడలు భయపడింది. చెడేది ఎప్పుడో చెడింది, ఇప్పుడు బాగవుతుంది అన్నాను. ఒక్కో పువ్వూ పోతుంటే కింద నా జుట్టు బయటపడింది. పాపిడి ఎంత తిన్నగా ఉందో! ఆ పొద్దు నూనె రాసి దువ్వింది అమ్మే. ఫొటో వద్దని మొహం ముడుచుకుంటూనే, పాపిడి వంకర పోతే మళ్ళీ విప్పి దువ్వింది. అది నాకు గుర్తే లేదు, ఫొటో చూశాకే గుర్తుకొచ్చింది. ఏడ్చాను. అప్పుడు కాదు, ఇప్పుడు. రాసుకోవాలనుంటే ఇది రాసుకో.

ఫొటో తిరిగి పంపుతున్నాను. గోడకు పెట్టు. కింద పెట్టాల్సిన మాట నా చేత్తోనే రాసి పంపాను, ఒక్క అక్షరం మార్చవద్దు. పక్కన నీ ఫొటో మళ్ళీ దిగు. గంటసేపు కూర్చుంటే వాళ్ళు నాలోకి వచ్చేస్తారన్నావే, మరి నేను రాలేదేం? వచ్చుంటే నీ మెడ అట్లా ఉండదు. వెన్ను కుర్చీకి ఆనించకు, గడ్డం ఎత్తు, కెమెరాను బాకీ ఉన్నవాణ్ణి చూసినట్టు చూడు. పూలు నీ ఇష్టం, కానీ నీ అంతట నువ్వు పెట్టుకోవాలి.

మీ నాయనకు నువ్వేమీ చెప్పవద్దు. హాలుకు రమ్మని మాత్రం చెప్పు. చదువుకోనీ.

నేను రాను. నన్ను నేను చూసుకోవడానికి బస్సెక్కి రావాలా? అంగటికైతే వస్తాను, అది మా నాయన కూర్చోబెట్టిన చోటు. కానీ తమ్ముడు పిలవాలి. పిలవని పేరంటానికి నేనెప్పుడూ పోలేదు.

మీ అత్త,
కన్యక

కర్నూలు,
అక్టోబరు 21.

అత్తా,

నిన్న ప్రదర్శన మొదలైంది. నువ్వు అన్నిటి మధ్యలో ఉన్నావు. తలుపు తీయగానే నువ్వే. పక్కన నేను, అదే కోటు, గడ్డం పైకి. ఆ ఫొటో కోసం రెండు పూటలు కూర్చున్నాను. ఎన్నిసార్లు తీసినా పొగరు నటించినట్టే వచ్చింది. చివరికి నీ ఉత్తరంలో ధర అరిచిన చోటు గట్టిగా చదువుకుని, వెంటనే పోయి కూర్చున్నాను. అప్పుడు కుదిరింది.

ఉరుకుందమ్మ అని ఒకావిడ కూతురితో వచ్చి, ఆ పళ్ళన్నీ కనపడేట్టు నవ్వే ఫొటో ముందు ఆగిపోయింది. అది ఆవిడే! మంత్రాలయం నుంచి తిరిగొస్తూ ఫొటో దిగిందట. ఎందుకు నవ్వావమ్మా అంటే "కోటేసుకుంటే మా ఆయన మాదిరి ఉంటినని నవ్వొచ్చె" అంది. పెన్సిలు తీసుకుని ఆ ముక్కే కింద రాసింది. నేను రాసిన దుఃఖం తలుచుకుని నేను పోయి స్తంభం వెనక నిలబడ్డాను.

నాన్న పొద్దువాలాక వచ్చాడు. అంగడి కట్టేసి, తలకు నీళ్ళు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు చుట్టూ చూసి "లైట్లు శానా పెట్టినారే" అన్నాడు. తర్వాత నీ ముందు ఆగాడు. నీ రాత చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నువ్వు ఒక్క అక్షరం మార్చవద్దన్నావు, మార్చలేదు, ఇట్లాగే ఉంది:

"కోటు బొజ్జన్నది. అందులో ఉన్న మనిషి రామలింగయ్య మండీ కన్యక. ఈ ఏడు శెనక్కాయల ధర తువ్వాలు కింద దాచలేదు, పైకి చెప్పింది. నాయన మేకు కొట్టి పెట్టాడు. ఏడుపు రాలేదు. గర్వంగా ఉంది."

నేను భయపడి దగ్గరకు పోయాను. "మేకు అని రాసిందే, ఏ మేకు?" అన్నాడు. క్యాలెండరు మేకు అన్నాను. కాసేపటికి చూస్తే వచ్చినవాళ్ళందరినీ ఆపి "ఈమె మా అక్క, సొంత అక్క" అంటూ, తువ్వాలు కింద బేరం ఎట్లా చేసేవాళ్ళో తన భుజం మీద తువ్వాలు తీసి చేసి చూపిస్తున్నాడు. నువ్వు చెప్పినట్టే అత్తా, ఇదంతా ఆయనే దగ్గరుండి చేయించినట్టు! నాకు నవ్వాగలేదు.

ఇంటికి మాత్రం నాతో రాలేదు. అంగటికి పోయి వస్తానన్నాడు. ఎందుకో చెప్పలేదు.

తల ఎత్తుకుని,
నీ పద్మ

కర్నూలు,
అక్టోబరు 26.

అక్కకు సుదర్శన్ నమస్కారం.

నాకు ఉత్తరాలు రాసేది రాదు. ఫోన్లో చెబుతామంటే నీకు ఇనపడదు, నీ కొడుకుతో చెప్పే మాట గాదు. తప్పులుంటే సర్దుకో.

ఆ మేకు నీదని నాకు తెలీదు అక్కా. అంగటికి సున్నం కొట్టినప్పుడల్లా పనోళ్ళు దాన్ని పీకబోతే నాయన కర్ర ఎత్తుకోని లేసేటోడు. "ముట్టొద్దండి రా, అది ఒగరిది" అనేటోడు. ఎవురిది నాయనా అంటే చెప్పేటోడు గాదు. నా ఫొటో తగిలించిన రోజు గూడా ఆ మేకుకు పెడదామంటి, ఒప్పుకోక ఇంగో మేకు కొట్టించె. నాకు ఆ పొద్దు మనసు కష్టమాయ. కడాకు ఆయన పోయినాక, ఉత్తగా ఉండాది గదా అని క్యాలెండరు తగిలిస్తి. ఇన్నేండ్లు నీ చోట్లో తేదీలు చూసుకుంటి.

నిన్న ప్రదర్శన అయిపాయ. పాప నీ ఫొటో తెచ్చిచ్చె. స్నానం చేసి నేనే తగిలించినా. నాయన కొట్టిన మేకు రవ్వంత గూడా కదల్లేదు. నాయనకూ నాకూ మధ్యలో ఉండావు. నాకంటే నువ్వే బాగుండావు, నిజం చెప్పల్లంటే. క్యాలెండరు తలుపెనక పడేసినా.

దీపావళి పూజకు రా. కారు పంపిస్తా, మోకాళ్ళని సాకులు చెప్పద్దు. ఇది నేను పిలిచే పిలుపు, నీ తమ్ముడి పిలుపు. పూజ అయినాక మొదటి మూట ధర గద్దె మింద కూసోని నువ్వే చెప్పాల. ఓర్వకల్లు నించి ఓబుళేశు మనవడు ఆటోలో కాయలు తెస్తానన్యాడు, నీ సంగతి చెప్పినా.

ధర బాగా పైకే చెప్పక్కా. నాకూ ఈ మధ్య కుడి చెవు సరిగ్గా ఇనపడ్డంల్యా.

నీ తమ్ముడు,
సుదర్శన్